కప్పల జాడ పట్టేవారు
తోక ఉన్న ఉభయచరాలైన సాలమాండర్లు ఆదిలాబాద్ అడవుల్లో లేవు. మన దేశంలో అవి తూర్పు హిమాలయాల్లో, ఈశాన్య కొండల్లో ఉంటాయి. 2012లో టైగర్ రిజర్వ్ అయిన ఆదిలాబాద్ ప్రాంతపు కవ్వాల్ టేకు అడవిలో వెతకాల్సింది కప్పలనే. ఎండాకాలమంతా మన్నులో దాగిన కప్పలు తొలకరికి పైకొస్తాయి. ఆ రాత్రే అదను. వాన గుంట దగ్గర లైటు ఆర్పి ముందు చెవి పెట్టాలి. ఒక్కో జాతి మగకప్పది ఒక్కో కూత. దిక్కు తెలిశాకే టార్చి. రాలిన ఆకుల్లో బొటనవేలి గోరంత చిరుకప్పను గుర్తుపట్టే చూపు పుస్తకాలతో రాదు, ఏళ్ల ఓపికతో వస్తుంది. పట్టే చేయి తడిగా ఉండాలి, ఎందుకంటే కప్ప చర్మంతోనూ ఊపిరి తీస్తుంది. కొలిచి, ఫొటో తీసి, పట్టినచోటే వదలాలి. కప్పలకు సోకే కైట్రిడ్ బూజు జబ్బు పాకకుండా గుంట మారిన ప్రతిసారీ బూట్లు కడగాలి. పులి జాడ తీసేవారికి దక్కే గౌరవం కప్పల జాడ పట్టేవారికీ దక్కాలి.