కెమెరా ఎంత ఎత్తులో ఉంది?

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల సభ్యులు కొందరు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. ఎక్కువమంది దళిత మహిళలు, చిన్న కమతాల రైతులు, బడి మొహం చూడనివాళ్ళు. హై యాంగిల్, లో యాంగిల్ అనే మాటలు వాళ్ళకు అక్కర్లేకపోయాయి. పైనుంచి కిందికి చూసే షాట్‌ను పటేల్ షాట్ అన్నారు. ఎత్తు మీద కూర్చున్న పటేలుకు కింద నిలబడ్డవాళ్ళు అలాగే కనబడతారు మరి. కింది నుంచి పైకి చూసేది జీతగాడి చూపు. ఎదుటి మనిషి కళ్ళకు సరిసమానంగా కెమెరా పెడితే అది సంఘం షాట్. సంఘంలో అందరూ నేల మీద ఒక్క ఎత్తులోనే కూర్చుంటారు గనుక.

చూడదగ్గ డాక్యుమెంటరీలు ఏవో చెప్పమని అడిగేవాళ్ళకు నేను ఈ పస్తాపూర్ కొలతనే చెబుతాను. కెమెరా ఎవరి పక్కన కూర్చుంది? ఏ ఎత్తులో? ఎంతసేపు? ఎంచుకున్న విషయం ఎంత గొప్పదైనా ఈ మూడూ కుదరకపోతే అది బొమ్మలు అతికించిన ఉపన్యాసమే. కుదిరితే మాత్రం మనకు ఏ సంబంధమూ లేని ఊళ్ళో, పేరైనా తెలియని మనిషి మాట్లాడుతుంటే కదలకుండా వింటాం.

ఆ మహిళలకు శిక్షణ ఇప్పించిన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో చాలా ఏళ్ళు పనిచేసినవారు. పల్లెల గురించి పట్నం వాళ్ళు తీసే కార్యక్రమాలు ఎలా ఉంటాయో లోపలి నుంచి చూసినవారు. బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చింది 2002లో. పస్తాపూర్ మహిళలు ఆ పంటకాలమంతా వరంగల్ జిల్లా రైతుల దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి, విత్తనం వేసినప్పటి ఆశ దగ్గర్నుంచి చివరి లెక్కల దాకా రికార్డు చేశారు. 2003లో అది సినిమాగా వచ్చింది. అడిగేదీ రైతే, చెప్పేదీ రైతే. ఎకరాకు ఎంత పెట్టావు, మందు ఎన్నిసార్లు కొట్టావు అన్న ప్రశ్నలకు జవాబు తప్పించుకునే వీలుండదు, తప్పించుకోవాల్సిన అవసరమూ ఉండదు. బీటీ మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు. ఒకే పొలానికి తిరిగి తిరిగి వెళ్ళడంలో ఎంత బలం ఉందో ఈ సినిమా చూస్తే తెలుస్తుంది.

మన దేశంలో డాక్యుమెంటరీ మొదలైంది ఇలా కాదు. 1948లో ఫిల్మ్స్ డివిజన్ అనే ప్రభుత్వ సంస్థ వచ్చింది. అసలు సినిమాకు ముందు దాని చిత్రం వేయాలన్నది థియేటర్ లైసెన్సులో షరతు. నేల టికెట్టు నుంచి బాల్కనీ దాకా అందరూ దాన్ని న్యూస్‌రీలు అనేవాళ్ళు. బీడీ కాల్చుకు రావడానికి అదే అదను. ఆనకట్టలు, ఉక్కు కర్మాగారాలు, వరద బాధితులకు మంత్రిగారి పరామర్శ, వీటన్నిటి మీదా ఒకే గంభీరమైన గొంతు. ఆ గొంతు ఎక్కడి నుంచి మాట్లాడేదో చెప్పనక్కర్లేదు. తెరమీది మనిషికి నోరుండేది, మాట ఉండేది కాదు. ఆ పెద్దగొంతు ఇంకా పోలేదు, టీవీ చానళ్ళలోకి మారి వెనక వయొలిన్ చేర్చుకుంది, అంతే.

అయితే ఆ ప్రభుత్వ సంస్థలోనే 1960ల చివర్లో కొందరు గీత దాటారు. జాన్ భవనగరి అక్కడ ముఖ్య సలహాదారుగా ఉన్న రోజుల్లో దర్శకులకు కొంత ఊపిరాడింది. సుఖ్‌దేవ్ ‘ఇండియా 67’లో వ్యాఖ్యానాన్నే తీసేశాడు. ప్రమోద్ పతి బొమ్మలతో, శబ్దాలతో ఆడుకున్నాడు. చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ రాజస్థాన్ వెళ్ళి మాటల్లేని పొట్టి చిత్రం ఒకటి తీస్తే, అది బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ తెచ్చుకుంది.

వీటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి 1967లో తీసిన ‘ఐ యామ్ 20’. ఇరవై నిమిషాల్లోపే అయిపోతుంది. స్వాతంత్ర్యానికి ఇరవై ఏళ్ళు నిండిన సందర్భంగా తీయించిన చిత్రం. ఇలాంటి సందర్భాలకు ప్రభుత్వం ఏం తీయిస్తుందో మనకు తెలుసు. శాస్త్రి మాత్రం 1947లో పుట్టిన కుర్రవాళ్ళను, అమ్మాయిలను దేశం నలుమూలలా వెతికి, కెమెరా ముందు కూర్చోబెట్టి, మీకేం కావాలని అడిగాడు. ఒకడు రైలెక్కి దేశమంతా తిరిగి చూడాలంటాడు, వాడి ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తుంది. ఇంకొకడు తనకు ఈ దేశం మీద ప్రేమ లేదని మొహం మీదే చెప్పేస్తాడు. ప్రభుత్వ సొమ్ముతో తీసిన పుట్టినరోజు చిత్రంలో ఆ మాటను ఉంచేయడం చిన్న విషయం కాదు. శాస్త్రి నేర్పంతా కూర్పులో ఉంది. ఆశపడేవాడి వెంటనే విసిగినవాడు, ఇంగ్లీషులో ఆరితేరినవాడి వెంటనే పొలంలో కుర్రవాడు. ఎవరు ఒప్పో ఆయన చెప్పడు. ఆ ఇరవై ఏళ్ళ వాళ్ళకు ఇప్పుడు ఎనభై దగ్గర పడుతున్నాయి, మన ఇళ్ళలో తాతయ్యలు, అమ్మమ్మలు వాళ్ళే.

ఎమర్జెన్సీ నాటికి ప్రభుత్వం బయట ఇంకో ధోరణి మొదలైంది. ఆనంద్ పట్వర్ధన్ పేరు చాలామంది విన్నదే. ఆయన సినిమాల మీద రాజకీయ వాదోపవాదాలు ఎప్పుడూ ఉంటాయి, వాటి హోరులో ఆయన పనితనం గురించి మాట్లాడుకోవడం తక్కువ. ‘బాంబే అవర్ సిటీ’ 1985లో వచ్చింది. బొంబాయిలో గుడిసెలు కూలగొట్టించుకున్నవాళ్ళ కథ. అందులో ఒకావిడ కెమెరా వైపు తిరిగి దర్శకుణ్ణే నిలదీస్తుంది. మా బొమ్మలు తీసుకుపోయి నువ్వు పేరు తెచ్చుకుంటావు, మాకేం ఒరుగుతుందని ఆమె కోపం. ఇంకెవరైనా అయితే ఎడిటింగ్ టేబుల్ మీద ఆ ముక్క కత్తిరించేవాళ్ళు. పట్వర్ధన్ సినిమాలో ఉంచాడు. ఆమె ప్రశ్నకు సినిమాలో జవాబు లేదు. డాక్యుమెంటరీ తీసేవాళ్ళెవరి దగ్గరా ఇప్పటికీ సరైన జవాబు లేదు.

ఆ సినిమాలోనే విలాస్ ఘోగ్రే అనే దళిత గాయకుడు పాడతాడు. 1997 జులైలో బొంబాయి రమాబాయి నగర్‌లో అంబేడ్కర్ విగ్రహానికి అపచారం జరిగింది. నిరసనకు దిగినవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపితే పదిమంది చనిపోయారు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఘోగ్రే ఉరేసుకున్నాడు. తన సినిమాలో పాడిన మనిషి ఎందుకు అలా పోయాడో తెలుసుకోవాలని బయల్దేరిన పట్వర్ధన్‌కు ‘జై భీమ్ కామ్రేడ్’ పూర్తిచేయడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. నిడివి మూడు గంటల పైమాటే. కోర్టు కేసు నడుస్తుంటే, నాయకులు పార్టీలు మారుతుంటే, కొత్త పాటగాళ్ళు పుడుతుంటే కెమెరా అక్కడే ఉంది. ఒక్కసారి కూర్చుని చూడలేకపోతే రెండు రాత్రులుగా చూడండి, తప్పేం లేదు. మన ఊళ్ళలో డప్పు పట్టుకుని పాడే కళాకారులను ఎరిగినవాళ్ళకు ఇందులోని పాటలు మరాఠీ అయినా పరాయివనిపించవు.

‘రామ్ కే నామ్’ 1992లో వచ్చింది, ఆ ఏడాది చివర్లోనే బాబ్రీ మసీదు కూలింది. పట్వర్ధన్ పద్ధతికి అది మంచి నమూనా. పెద్ద ప్రశ్నలేవీ ఉండవు. రాముడు ఏ శతాబ్దంలో పుట్టాడని అడిగి, జవాబు వెతుక్కునేంతసేపూ కెమెరా ఆపకుండా ఉంచుతాడు. రామజన్మభూమి పూజారి లాల్‌దాస్ అందులో ఎంతో నెమ్మదిగా, మసీదు చోట గుడి అనే రాజకీయాన్ని తప్పుపడుతూ మాట్లాడతాడు. 1993లో ఆయన్ని ఎవరో కాల్చి చంపారు. సినిమా చూస్తున్నంతసేపూ ఆ సంగతి మనకు తెలిసి ఉండటం వల్ల ఆయన ప్రశాంతత భరించడం కష్టమవుతుంది.

ఇక హైదరాబాద్ సంగతి. ఇక్కడ పుట్టిన దీపా ధన్‌రాజ్ 1980లో మరికొందరితో కలిసి బెంగళూరులో యుగాంతర్ అనే బృందాన్ని మొదలుపెట్టింది. స్త్రీల సమస్యల మీద సినిమాలు తీసే బృందాలు మన దేశంలో అప్పటికి లేవనే చెప్పాలి. పుణెలో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళతో, నిపాణి పొగాకు కార్మికురాళ్ళతో సినిమాలు తీశాక, 1983లో హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందంతో కలిసి తెలుగులో ‘ఇది కథ మాత్రమేనా?’ తీశారు. కచ్చితంగా చెప్పాలంటే ఇది డాక్యుమెంటరీ కాదు. ఇంట్లో భర్త వేధింపులకు గురయ్యే స్త్రీ కథ, నటించినవాళ్ళలో సంఘటన సభ్యులూ ఉన్నారు. కానీ కథ పుట్టింది వాళ్ళు అంతకుముందు విన్న నిజాల్లోంచి. నాలుగు గోడల మధ్య దెబ్బను కెమెరా ఎలాగూ పట్టుకోలేదు. అలాంటప్పుడు తెలిసినవాళ్ళే మళ్ళీ నడిచి, పలికి చూపించడం ఒక దారి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను వాళ్ళ నోటితోనే చెప్పించి ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే పుస్తకంగా తెచ్చింది కూడా ఈ స్త్రీశక్తి సంఘటనే. ఓపిగ్గా కూర్చుని వినడం వాళ్ళకు ముందే అలవాటైన విద్య.

ఆ విద్య ఎక్కడిదాకా వెళ్ళిందో దీపా ధన్‌రాజ్ 1991లో తీసిన ‘సంథింగ్ లైక్ ఎ వార్’ చూస్తే తెలుస్తుంది. విషయం కుటుంబ నియంత్రణ. ఒకవైపు ఆపరేషన్ల క్యాంపు. బల్లల మీద వరసగా ఆడవాళ్ళు, ఎంత త్వరగా ముగిస్తానో గొప్పగా చెప్పుకునే డాక్టరు. ఇంకోవైపు ఒక గదిలో స్త్రీలు నేల మీద గుండ్రంగా కూర్చుని శరీరం బొమ్మ గీసుకుంటూ తమ కాన్పుల గురించి, కోరికల గురించి, భయాల గురించి నవ్వుతూ, సిగ్గుపడుతూ మాట్లాడుకుంటుంటారు. నవ్‌రోజ్ కాంట్రాక్టర్ కెమెరా ఆ గుండ్రంలో ఇంకో మనిషిలా కూర్చుంటుంది. సినిమా ఈ రెండు చోట్ల మధ్య తిరుగుతుంది. క్యాంపులో వాళ్ళు అంకెలు, ఇక్కడ మనుషులు. ఈ మాట సినిమాలో ఎవరూ అనరు, ఒక దృశ్యం పక్కన ఇంకోటి పెట్టడంతోనే అర్థమవుతుంది. కొన్ని దృశ్యాలు చూడటానికి కష్టంగా ఉంటాయని ముందే చెబుతున్నాను.

ఆమెదే ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ 1986 నాటిది. ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని కూల్చడం, నెల రోజులకే ఆయన మళ్ళీ రావడం జరిగిన 1984లోనే పాతబస్తీలో మతకలహాలు చెలరేగాయి. ఆ రోజుల హైదరాబాద్ ఈ సినిమాలో ఉంది. ఊరేగింపులు, ఆవేశపు ప్రసంగాలు, రెండు పక్షాల నాయకుల మాటలు, ఆ వెంటనే కర్ఫ్యూలో కూలి దొరక్క పస్తులున్న ఇళ్ళు. నాయకులు మాట్లాడే చోట కెమెరా కాస్త దూరం పాటిస్తుంది. గల్లీల్లోకి వచ్చేసరికి గడప పక్కన చతికిలబడుతుంది. చాలాకాలం కనుమరుగై ఉన్న ఈ సినిమాను బెర్లిన్‌లోని అర్సెనాల్ సంస్థ పునరుద్ధరించింది. హైదరాబాద్ గురించి హైదరాబాదీలు చూడాల్సిన సినిమాను బెర్లిన్ వాళ్ళు కాపాడి ఇవ్వాల్సి రావడం మనకు గొప్పేమీ కాదు.

కొత్తవాటిలో షౌనక్ సేన్ ‘ఆల్ దట్ బ్రీద్స్’ చూడకుండా వదలొద్దు. ఢిల్లీ వజీరాబాద్‌లో ఇరుకైన నేలమాళిగలో గాయపడ్డ గద్దలకు వైద్యం చేసే అన్నదమ్ముల సినిమా. 2022లో సన్‌డాన్స్‌లోనూ కేన్స్‌లోనూ బహుమతులు పొందింది. డాక్యుమెంటరీ అంటే చేత్తో పట్టిన, వణికే కెమెరా అనుకునేవాళ్ళకు ఇది ఆశ్చర్యం. కెమెరా స్టాండు మీద ఉండి చాలా నెమ్మదిగా కదులుతుంది. మొదట్లోనే రాత్రివేళ ఢిల్లీలో చెత్త మధ్య పరుగులు తీసే ఎలకల దగ్గర నేలబారుగా ఆగి, అక్కడినుంచి కదలడానికి తొందరపడదు. ఎలక, తాబేలు, గద్ద, మనిషి అందరికీ ఒకే ఓపిక. అల్లర్ల వార్తలు రేడియోలోంచో ఫోన్లోంచో వినబడతాయి, అన్నదమ్ములు పనిచేసుకుంటూనే ఉంటారు.

‘రైటింగ్ విత్ ఫైర్’ గురించి ఒక మాట. బుందేల్‌ఖండ్‌లో మహిళలు నడిపే ‘ఖబర్ లహరియా’ విలేకరుల మీద తీసిన ఈ చిత్రం ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. సరిగ్గా అప్పుడే, మమ్మల్ని ఒక్క పార్టీ మీదే వార్తలు రాసేవాళ్ళలా చూపించారని, అది మా పూర్తి కథ కాదని ఖబర్ లహరియా ప్రకటన ఇచ్చింది. నేనైతే సినిమా చూసి, ఆ ప్రకటన కూడా చదవమంటాను. 1985లో బొంబాయి గుడిసెల మధ్య ఆవిడ అడిగిన ప్రశ్నే అది. ఈసారి అడిగినవాళ్ళు స్వయంగా విలేకరులు, అంతే తేడా.

వీటిలో చాలావాటికి తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, అదొక లోటు. జిల్లా కేంద్రాల్లో ఫిల్మ్ సొసైటీలు నడిపే మిత్రులు, కాలేజీ అధ్యాపకులు పూనుకుంటే పెద్ద పనేం కాదు. ఫిల్మ్స్ డివిజన్ పాత చిత్రాలు, పట్వర్ధన్ సినిమాలు కొన్ని యూట్యూబ్‌లో ఉచితంగానే ఉన్నాయి. దేంతో మొదలుపెట్టాలో తేలకపోతే ‘ఐ యామ్ 20’ వేసుకోండి, ఇంట్లో పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని. హైదరాబాద్‌లో ఉండేవాళ్ళు మాత్రం ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ ముందు చూడండి, మిగతావి తర్వాత.