మచ్చ మీద వెలుగు

డెర్మోస్కోప్ అరచేతిలో పట్టే పరికరం. పది రెట్లు పెంచి చూపే కటకం, చుట్టూ చిన్న ఎల్ఈడీ దీపాలు, వాటికి పోలరైజ్డ్ ఫిల్టర్లు. మామూలుగా చర్మం పైపొర మీద పడిన వెలుగు కంటికి కొట్టి లోపలిదాన్ని కనబడనివ్వదు. ఫిల్టర్లు ఆ మెరుపును ఆపి, లోపలికి పోయి తిరిగొచ్చిన వెలుగునే వదులుతాయి. కోత లేదు, నొప్పి లేదు.

కర్నూలు జిల్లా నందవరం చుట్టుపక్కల ఊళ్లకు దీని అక్కర ఏమిటో గజ్జిని చూస్తే తెలుస్తుంది. ఎమ్మిగనూరు, ఆదోని వైపు పల్లెల నుంచి కూలీలు పిల్లాజెల్లాతో గుంటూరు దిక్కు మిరపకోతలకు వలస పోతారు. ఒకే గుడిసెలో అందరూ ఒరుసుకుని పడుకునే చోట గజ్జి ఇట్టే పాకుతుంది. వేళ్ల సందున డెర్మోస్కోప్ ఆనిస్తే సన్నని తెల్లటి వంకర సొరంగం, దాని కొసన చిన్న ముదురు త్రికోణం కనబడతాయి. ఆ త్రికోణం గజ్జిని కలిగించే పురుగు తలవైపు భాగం. పురుగు మొత్తం అరమిల్లీమీటరు కూడా ఉండదు. ఆ త్రికోణం కనబడితే చర్మం గీకి మైక్రోస్కోప్ కింద వెతికే పని తప్పుతుంది.

తామర సంగతి వేరు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ మలాము పూసీ పూసీ దాని గుండ్రటి అంచు చెరిగిపోతుంది. వంకర తిరిగిన, మధ్యమధ్య తెల్ల పట్టీలు పడిన నూగు వెంట్రుకలు డెర్మోస్కోప్‌లో కనిపిస్తే ఫంగస్ వెంట్రుకలోకీ దిగిందని అర్థం. అప్పుడు పూతమందు చాలదు, మాత్రలు కావాలి.

పడమటి దేశాల్లో ఈ పరికరం వ్యాపించింది మెలనోమా అనే క్యాన్సర్ కోసం. మన చర్మంలో అది అరుదు. వచ్చినా తరచు అరికాల్లోనో గోరు కిందో వస్తుంది. పాఠ్యపుస్తకాల బొమ్మలు చాలావరకు తెల్ల చర్మానివి. నల్లని చర్మంలో మెలనిన్ వెలుగును పీల్చేసుకోవడంతో ఎర్రదనం, రక్తనాళాలు మరుగున పడతాయి, గజ్జి త్రికోణం కూడా త్వరగా దొరకదు. మన రోగుల మీదే కన్ను తర్ఫీదు కావాలి. బొల్లికి మాత్రం 1903 నాటి వుడ్ దీపం ఇప్పటికీ చక్కగా పనికొస్తుంది: చీకటిగదిలో దాని అతినీలలోహిత కాంతి కింద రంగు పోయిన చోటు తెల్లగా మెరుస్తుంది.

ఇక కుష్ఠు. పాలిపోయిన మచ్చలో వెంట్రుకలు రాలడం, చెమట రంధ్రాల తెల్ల చుక్కలు తగ్గడం డెర్మోస్కోప్ చూపుతుంది. కానీ స్పర్శ పోయిందా లేదా అన్నది ఏ వెలుగూ చెప్పదు. రోగిని కళ్లు మూసుకోమని, దూదిపోచతో మచ్చను తాకి, తాకినచోట వేలు పెట్టమనాలి. ఆ పనికి పరికరం కొనక్కర్లేదు, ఆశా కార్యకర్త చాలు. అందుకే పల్లెలో మొదటి చోటు దూదికే, తర్వాతే డెర్మోస్కోప్‌కు.

2005లో దేశం కుష్ఠును ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించామని ప్రకటించినా కొత్త కేసులు ఆగలేదు. ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ తాకినా తెలియకపోతే వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. రకాన్ని బట్టి ఆరు నెలలో పన్నెండు నెలలో వాడే మందు అక్కడ ఉచితంగా ఇస్తారు.