తెల్లబడితే చెడిపోయినట్టేనా?

ఇంట్లో పోసి అమ్మే సోయా మైనం బిళ్లల మీద, అంటే వార్మర్‌లో కరిగించి గదికి పరిమళం పట్టించుకునే వ్యాక్స్ మెల్ట్స్ మీద, వచ్చే ఫిర్యాదులు చాలావరకు ముక్కువి కావు, కంటివి. పైన బూజు పట్టినట్టు తెల్లగా ఉందంటారు. అంచుల దగ్గర తడిసినట్టుందంటారు. నిరుడు మిగిలిన సరుకు అంటగట్టారంటారు. విజయవాడలో పటమటలాంటి చోట వంటగది గట్టు మీదే అచ్చులు పరుచుకుని ఈ పని చేసేవాళ్లు ఆ మాట వినగానే కంగారు పడతారు. మైనం మారుస్తారు, సెంటు మారుస్తారు, పోసే వేడి మారుస్తారు, చివరికి ఎవరో చెప్పిన పొడి ఏదో కలుపుతారు. నా వాదన ఇంతే: ఆ తెల్లదనం జబ్బు కాదు, మైనం స్వభావం. దాన్ని పోగొట్టడానికి పడే పాట్లలో అసలు జబ్బులు కంటికి ఆనకుండా పోతున్నాయి.

పేరుకు మైనమే గానీ జాతికి ఇది కొవ్వు. ద్రవంగా ఉన్న నూనెకు హైడ్రోజన్ పట్టించి గడ్డకట్టించే పద్ధతికి జర్మనీలో విల్‌హెల్మ్ నార్మన్ 1902లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ విద్యే 1937లో డాల్డా పేరుతో మన వంటిళ్లలోకి వచ్చింది. సోయా నూనెను అదే దారిలో ఇంకాస్త గట్టిపరిస్తే కొవ్వొత్తికి పనికొస్తుందని అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మైకేల్ రిచర్డ్స్ 1990ల మొదట్లో చూపించాడు. తేనెపట్టు మైనంతో గానీ, పెట్రోలియం నుంచి తీసే పారఫిన్‌తో గానీ దీనికి చుట్టరికం లేదు. గుణదల మేరీమాత తిరునాళ్లకు ఫిబ్రవరిలో వెలిగే మామూలు కొవ్వొత్తుల నునుపు పారఫిన్‌ది. మన కన్ను ఆ నునుపుకు అలవాటు పడి, అదే కొలబద్ద తెచ్చి కొవ్వు మీద పెడుతోంది.

కొవ్వు గడ్డకట్టేటప్పుడు దాని అణువులు ఎప్పుడూ ఒకే తీరుగా సర్దుకోవు. సోయా మైనంలో ముఖ్యమైన కొవ్వు ట్రైస్టియరిన్. అది మూడు రకాల స్ఫటికాలుగా గడ్డకడుతుంది. శుద్ధమైన ట్రైస్టియరిన్‌లో ఆల్ఫా రకం దాదాపు 55 డిగ్రీల సెల్సియస్ దగ్గర, బీటా ప్రైమ్ 64 దగ్గర, బీటా 73 దగ్గర కరుగుతాయి. త్వరగా చల్లారిస్తే ముందు పుట్టేది ఆల్ఫా. దానికి నిలకడ లేదు. రోజులు గడిచేకొద్దీ, వేడి కాస్త హెచ్చుతగ్గులైన ప్రతిసారీ, అది బీటా వైపు జరుగుతుంది. బీటా స్ఫటికాలు పెద్దవి. వాటి మీద పడిన వెలుగు చెదిరి కంటికి తెల్లగా కనిపిస్తుంది. పోసిన నాడు అద్దంలా ఉన్న బిళ్ల మూడు వారాలకు తెల్లబడటానికి కారణం ఇదే తప్ప సరుకు పాతదై కాదు. సోయాకే ఈ గుణం ఎందుకు ఎక్కువంటే, ఆ నూనెలోని కొవ్వు ఆమ్లాల్లో 85 శాతానికి పైగా 18 కార్బన్ల పొడవున్నవే. హైడ్రోజన్ పూర్తిగా పట్టించాక అవన్నీ స్టియరిక్ ఆమ్లంగా మారి, ఒకే పొడవు కాబట్టి బిగుతుగా పేరుకుంటాయి. పామాయిల్‌లో పదింట నాలుగు పాళ్లకు పైగా 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లం ఉంటుంది గనక పొడవులు కలవవు, స్ఫటికాలు సన్నగా బీటా ప్రైమ్ దగ్గరే ఆగిపోతాయి.

ఇదంతా తెలుగు ఇంటికి కొత్త సంగతేమీ కాదు. గేదె నెయ్యి కాచి కదపకుండా నిదానంగా చల్లారనిస్తే పూసకడుతుంది. ఆ పూస చూసే మంచి నెయ్యి అంటాం. అక్కడా జరిగేది కొవ్వు స్ఫటికాలుగా పేరుకోవడమే. డాల్డా తయారీదార్లు సైతం నెయ్యిలా కనిపించాలని కావాలనే నిదానంగా చల్లార్చి పూస తెప్పించేవారు. గిన్నెలో స్వచ్ఛతకు గుర్తయిన స్ఫటికం అచ్చులో కల్తీకి గుర్తు ఎలా అయిందో ఫిర్యాదు చేసేవారే చెప్పాలి.

నునుపు కోసం ఆరాటం ఎంత దూరం పోగలదో కొవ్వొత్తుల చరిత్రలో ఒక చేదు ఘట్టం ఉంది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ కొవ్వులపై తన పరిశోధనను 1823లో ప్రచురించాడు. 1825లో గే-లుసాక్‌తో కలిసి కొవ్వు ఆమ్లాలతో కొవ్వొత్తులు చేసే పేటెంట్ పొందాడు. అవి పొగ తక్కువగా, వెలుగు ఎక్కువగా మండేవి. చిక్కల్లా స్ఫటికాలే. చల్లారాక ఒళ్లంతా గరుకుగా, పెళుసుగా తయారయ్యేవి. కొనేవాళ్లకు మాత్రం తేనె మైనపు ఒత్తుల నునుపు కావాలి. దాంతో 1830లలో కొందరు తయారీదార్లు స్ఫటికాలను విరగ్గొట్టడానికి తెల్ల పాషాణం, అంటే ఆర్సెనిక్ కలపడం మొదలుపెట్టారు. ఒత్తి వెలిగితే ఆ విషం ఇంట్లోకే వచ్చేది. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ మెడికల్ సొసైటీ 1837లో కమిటీ వేసి పరీక్షించి ప్రమాదమని తేల్చింది. తర్వాత దొరికిన మార్గం విచిత్రంగా చాలా చిన్నది: కరిగిన కొవ్వును గడ్డకట్టబోయే దాకా కలుపుతూ చల్లార్చి, ముందే వెచ్చబరిచిన అచ్చుల్లో పోయడం. ఈనాడు సోయా మైనంలో ఎవరూ పాషాణం కలపడం లేదు, కలుపుతున్నారని నేనూ అనను. కానీ అప్పటి చిట్కా ఇప్పటికీ పనిచేస్తుంది, డబ్బు ఖర్చు లేకుండా.

మరి పటమటలో ఆ చిట్కా ఎలా పాటించాలి? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే ఊళ్లలో మేడ మీద గది మధ్యాహ్నం నలభై డిగ్రీలకు చేరితే వింత లేదు. గాజు గ్లాసుల్లో పోయడానికి అమ్మే మెత్తటి సోయా మైనం చాలావరకు 45 నుంచి 50 డిగ్రీల మధ్య కరుగుతుంది. దాన్ని బిళ్లలకు వాడి, బెంజి సర్కిల్ దగ్గర ఎండలో నిలబెట్టిన స్కూటర్ డిక్కీలో పార్సిల్ పెడితే, చేరేసరికి మూలలు అణగారి ఉంటాయి. అది పోసిన చేతి తప్పు కాదు, మైనం ఎంపికలో తప్పు. బిళ్లలకు 50 దాటాక కరిగే గట్టి రకం తీసుకోవాలి. పోసే పని తెల్లవారుజామున పెట్టుకోవాలి. సీలింగ్ ఫ్యాను ఆపాలి, ఎందుకంటే గాలి తగిలిన వైపు ముందు చల్లారి చారలు తేలతాయి. ఏసీ గంటసేపు వేసి ఆపేయడం కన్నా అసలు వేయకపోవడం నయం. మైనానికి చలి కన్నా చలీ వేడీ మార్చి మార్చి తగలడమే చేటు. ఫ్రిజ్‌లో పెట్టడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. పైపొర గబుక్కున కుంచించుకుని బీటలిస్తుంది. బయటికి తీయగానే కృష్ణ ఒడ్డు గాలిలోని తేమ దాని మీద చెమ్మగా దిగుతుంది.

ఇక అసలు జబ్బుల సంగతి. బిళ్ల పైన జిడ్డు బొట్లు తేలితే అది తెల్లదనం లాంటిది కాదు. మైనం మోయగలిగిన దానికన్నా సెంటు నూనె ఎక్కువైందని అర్థం. మామూలుగా వాడే మోతాదు మైనం బరువులో 6 నుంచి 10 శాతం. మైనం అమ్మినవారు చెప్పిన హద్దు దాటి పోస్తే పరిమళం పెరగదు, నూనె బయటికి కారుతుంది, ప్లాస్టిక్ డబ్బా కూడా పాడవచ్చు. ఎండదెబ్బకు కూడా కాస్త చెమర్చవచ్చు గనక, బిళ్లను నీడలో చల్లబడనిచ్చి కాగితంతో అద్ది చూడాలి. చల్లగా ఉన్నప్పుడు కూడా కాగితం మళ్లీ మళ్లీ తడుస్తుంటే కొలత తప్పిందన్న మాటే. గుంటలు పడటానికి కారణం వేరు: పైపొర ముందు గట్టిపడి, లోపలి మైనం తర్వాత కుంచించుకుపోవడం. కాస్త తక్కువ వేడిలో పోసి, అచ్చును నెమ్మదిగా తట్టి బుడగలు వదిలిస్తే చాలావరకు సర్దుకుంటుంది. అంచుల్లో తడిలా కనిపించేది తడే కాదు, మైనం డబ్బా గోడను వదిలిన చోట నిలిచిన గాలి. బిళ్లల విషయంలో అది మంచిదే, వేలితో నొక్కగానే ఊడివస్తుంది. రంగు గోధుమకు తిరిగితే సెంటులో వెనిల్లిన్ ఉందేమో చూడాలి. మల్లె సెంటుదీ ఇదే వరస, అందులోని ఇండోల్ వల్ల. మల్లెపూల ఊరివాళ్లం ఆ సెంటు మానలేం గనక, తెల్ల మల్లె బిళ్ల కలకాలం తెల్లగానే ఉంటుందని మాట ఇవ్వకుండా ఉంటే సరిపోతుంది.

కొనేవాడు డబ్బిచ్చేది అందానికి కూడా కదా, గృహప్రవేశంలో పంచే బహుమతి మచ్చలతో ఉంటే ఎలా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి ముందు చెప్పుకోవాల్సింది, వ్యాక్స్ మెల్ట్ కరిగించడానికే పుట్టిన వస్తువు. వార్మర్ వేడెక్కిన కాసేపటికి ఆ తెల్లదనం మొత్తం మాయమవుతుంది, పరిమళం ఏ మాత్రం తగ్గదు. అయినా కంటికి ఇంపు కావాలంటే సులువైన దారి రంగు మానేయడం. ముదురు ఎరుపులో, నీలంలో కొట్టొచ్చినట్టు కనిపించే పూత రంగు కలపని మైనంలో దాదాపు కనిపించదు. కొందరు పారఫిన్ కలుపుతారు. కలపవచ్చు, నేరమేమీ కాదు, కానీ అప్పుడు డబ్బా మీద సోయా అని మాత్రమే రాయకూడదు. పామాయిల్ మైనం కలిపితే పూత తగ్గుతుంది. ఆయిల్‌పామ్ మన పక్కనే ఏలూరు జిల్లాలో విరివిగా పండుతుంది, దాని పరిశోధనకు పెదవేగిలో జాతీయ సంస్థే ఉంది. ఒక చమత్కారం ఏమిటంటే, ఒట్టి పామ్ మైనంతో చేసే ఒత్తుల్లో ఈకల్లా విచ్చుకునే స్ఫటికాల నగిషీని ప్రత్యేక ఆకర్షణగా చెప్పి అమ్ముతారు. అక్కడ స్ఫటికానికి ధర కడుతున్నది కూడా కొనేవాడి కన్నే.

స్వభావం అనే మాట సోమరి పనివాడికి సాకు అవుతుందనే అభ్యంతరం ఇంకా బలమైనది. అవుతుంది కూడా. జిడ్డు కారే బిళ్లను, బీటలిచ్చిన బిళ్లను కూడా ‘సోయా అంతే’ అని అంటగట్టేవాళ్లు ఉంటారు. అందుకే ఏది స్వభావమో ఏది తప్పో పనివాళ్లతో పాటు కొనేవాళ్లకూ తెలియాలి. 2015 ఏప్రిల్ దాకా మన దేశంలో మైనపు ఒత్తుల తయారీ చిన్న పరిశ్రమలకే కేటాయించిన పని. ఆ రక్షణ పోయాక ఇంట్లో పోసేవాళ్లు పెద్ద కంపెనీల యంత్రాల నునుపుతో పోటీ పడి నెగ్గలేరు, నిజం చెప్పి నెగ్గగలరు. పోసేవాళ్లు డబ్బా మీద ఒక్క వాక్యం వేయండి: తెల్ల పూత సోయా గుణం, కరిగిస్తే పోతుంది. కొనేవాళ్లు తెల్లబడిందని వెనక్కి పంపకండి. నూనె కారుతుంటే మాత్రం తప్పకుండా పంపండి.