పులవని అంబలి

ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరమన్నది మొదలు వంటల పేజీల నిండా అంబలే. సంతోషమే! తీరా చదివితే, రెండు చెంచాల రాగిపిండి, పాలు, బెల్లం, యాలకులు. పది నిమిషాల్లో సిద్ధమట. ఇది అంబలా, పాయసమా?

మా భోగాపురంలో రాగుల్ని చోళ్లంటాం. పార్వతీపురం కొండల్లో సవర, జాతాపు ఆడవాళ్లు పండించేవీ అవే. చోడిపిండి రాత్రే నీళ్లలో కలిపి పులియబెట్టి, పొద్దున్నే నూకలు ఉడుకుతుండగా పోస్తారు. నంజుకోను ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఆ పులుపులోనే ఉందండీ కిటుకు. గింజలోని ఫైటేట్లు ఇనుమునీ, కాల్షియాన్నీ ఒంటికి పట్టనివ్వవు; పులిస్తే అవి తగ్గుతాయి. రక్తం తక్కువని బిళ్లలు మింగే మనకే కదా ఆ పులుపు కావాలి! వంట రాసినావిడ సరిగ్గా దాన్నే కొట్టేసి, 'ఆరోగ్యానికి మంచిది' అన్న ముక్క మాత్రం ఉంచేసింది. ఎవరి వంటో ఆ ఊసూ లేదు. యాలకులకు మాత్రం లెక్కుంది: రెండు.