షికాగోకు ఎంత దారం

దూరాన్ని కిలోమీటర్లలో కాదు, గంటల్లో చెప్పాలని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు వాదించానో పాత పాఠకులకు తెలుసు. బీరంగూడ నుంచి ఇస్నాపూర్ ఎన్ని కిలోమీటర్లని ఇక్కడెవరూ అడగరు. షిఫ్టు వదిలే వేళకు బయల్దేరితే ఎంతసేపు పడుతుందనే అడుగుతారు. మా నాయన ఆమడల్లో చెప్పినా, ఆయన మనసులో ఉండేది నడిచే పొద్దే.

ఈ వారం మా వీధిలో ఉండే ఆమె వచ్చింది. భర్తది పాశమైలారంలో కంపెనీ పని. కొడుకు ఎమ్మెస్ చదవడానికి పోతున్నాడు.

"అన్నా, షికాగో ఎంత దూరముంటది?"

"ఇరవై రెండు గంటలు, చెల్లె."

ఆమె టికెట్టు తీసి నా ముందు పెట్టింది. శంషాబాద్‌లో తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కాలి, దుబాయ్‌లో మారాలి, అదే తేదీన మధ్యాహ్నం 3.30కి దిగాలి. "పదకొండున్నర గంటలే ఉన్నది గదన్నా?" అంది. వేసవిలో అక్కడి గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక నడుస్తుందని, రెండూ కలపాలని చెప్పాను. తల ఊపింది గానీ మనసుకు ఎక్కలేదు.

అప్పుడు అలమరలోంచి గ్లోబు దింపాను. సంగారెడ్డి బడిలో మా భూగోళం సారు నేర్పిన విద్య అది. గోడ మీది పటానికి స్కేలు ఆనిస్తే చేతి మీద ఒక్కటి పడేది. గుండ్రటి భూమిని చదును కాగితం మీద కొలుస్తావా అని కోప్పడేవారు. ఇద్దరు పిల్లలం గ్లోబు కదలకుండా పట్టుకుంటే, సారు జేబులోంచి గాలిపటం దారం తీసి రెండు ఊళ్ల మీద ఆనించి బిగలాగేవారు. వదులుంటే మళ్లీ మొదటికే. బిగిసిన దారం తన దారి తనే వెతుక్కుంటుంది. ఆ దారం జరుగుతుంటే ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం.

ఆమె హైదరాబాద్ మీద వేలితో అదిమిపట్టింది. నేను షికాగో దాకా లాగాను. దారం అరేబియా వైపు చూడనే లేదు. ఉత్తరానికి లేచి, ధ్రువం దాపుకు పోయి, గ్రీన్‌లాండ్ మీదుగా కిందికి దిగింది. ఆ ముక్కనే భూమధ్యరేఖ వెంట పరిస్తే మూడుసార్లకు గ్లోబు చుట్టి వచ్చింది. భూమధ్యరేఖ 40,075 కిలోమీటర్లు. అందులో మూడో వంతు, దగ్గర దగ్గర 13,300. దుబాయ్ మీదుగా లాగితే 14,200. పెరిగింది తొమ్మిది వందలే! గంటల సంగతి చూడండి. 2021 జనవరిలో ఎయిరిండియా మొదలుపెట్టిన, ఎక్కడా ఆగని షికాగో విమానానికి పదహారు పదిహేడు గంటలు పట్టేవి. దుబాయ్‌లో మారితే ఇరవై రెండు. తిరిగొచ్చేటప్పుడు పైగాలి వెనక నుంచి తోస్తే మళ్లీ తగ్గుతాయి.

ఇన్నేళ్ల నా వాదం వెనక్కి తీసుకుంటున్నాను. గాలికీ, మజిలీకీ, గడియారానికీ మారని అంకె ఒకటి ఆ తల్లికి కావాలి. అది కిలోమీటర్లలోనే ఉంది.

"మా అత్తకెట్ల చెప్పాలె?"

"వెయ్యి ఆమడలని చెప్పు."

ఆ దారం ఇమ్మని అడిగింది. "ఆయన రెండో షిఫ్టు దిగి పదిన్నరకు వస్తడు, చూపిస్త" అంటూ వేలికి చుట్టుకుంది.

వేసవిలో మనకు రాత్రి పదిన్నరంటే షికాగోలో సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు. పిల్లవాడు అన్నం తినే వేళ.