తాకట్టు విడుదల: రుసుములు, వాటి పేర్లు

బ్రిటన్‌లో స్థిరపడిన ముస్లిం కుటుంబాలలో, వడ్డీ మీద ఇల్లు కొని, తరువాత వడ్డీ లేని గృహ కొనుగోలు పథకానికి మారదలచినవారు ఉన్నారు. వారికి లభించే ఫత్వాల సారాంశం సాధారణంగా ఒక్కటే: వీలైనంత త్వరగా బయటపడండి. మాట మంచిదే. కాని బయటపడేటప్పుడు ఎంత కట్టాలి, ఎవరికి, దేనికి అన్న ప్రశ్నల జోలికి అవి పోవు. ఫత్వా ముగిసినచోటనే గృహస్థుని లెక్క మొదలవుతుంది.

కట్టవలసినవి ముఖ్యంగా రెండు. స్థిరవడ్డీ గడువు ముగియకముందే అప్పు తీర్చినందుకు, మిగిలిన బాకీపై శాతంగా తీసుకునేది మొదటిది. ఖాతా మూసి తాకట్టు విడిపించినందుకు తీసుకునే స్థిరమైన మొత్తం రెండవది. మొదటిది, ముందుగా తీర్చడం వల్ల రుణదాతకు కలిగే ఖర్చుల సహేతుకమైన అంచనాకు లోబడి ఉండాలని అక్కడి నిబంధన. చిక్కంతా ఆ ‘ఖర్చు’ అన్న మాటలోనే ఉంది. స్థిరవడ్డీకి సమకూర్చుకున్న నిధుల ఒప్పందం మధ్యలో తెగడం వల్ల కలిగే నష్టమే అందులో ప్రధానం. తేటగా చెప్పాలంటే, రావలసిన వడ్డీ రాకపోవడం. (భారతదేశంలో మారే వడ్డీ గృహరుణాలపై బ్యాంకులు ఇటువంటి రుసుము వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012లో ఆదేశించింది. అక్కడా అంతేనని మనవారు భ్రమపడరాదు.)

ఉదాహరణకు బాకీ 1,50,000 పౌండ్లు, రుసుము 3 శాతం అనుకుందాం. ఈరోజే బయటపడితే 4,500 పౌండ్లు. మూడు నెలలకు అది 2 శాతానికి దిగేటట్లయితే సుమారు 3,000. ఆ మూడు నెలల వడ్డీ, సాలుకు 4 శాతం చొప్పున, దాదాపు 1,500. రెండు దారులలోనూ రుణదాతకు చేరేది ఇంచుమించు సమానమే. ఆగవలసింది రెండు నెలలే అయితే వడ్డీ 1,000. అప్పుడు ఆగినవాడే రుణదాతకు తక్కువ ఇచ్చినవాడవుతాడు. ఆగడం ధర్మసమ్మతమా కాదా అన్నది ముఫ్తీలు తేల్చవలసిన విషయం. ఈ అంకెలు ఎదుట లేకుండా వారు తేల్చేది దేనిని?

రెండవ రుసుముకు పేర్లు అనేకం: విడుదల రుసుము, పరిపాలన రుసుము, దస్తావేజుల విడుదల రుసుము. ఈ చివరిది వింతైన పేరు. 2002 నాటి భూమి నమోదు చట్టం 2003 అక్టోబరు 13న అమలులోకి రావడంతో ఇంగ్లండు, వేల్స్‌లలో భూమి, తాకట్టు ధ్రువపత్రాలు రద్దయ్యాయి. నమోదైన ఇంటికి హక్కు రిజిస్టరులోనే ఉంటుంది. విడుదల చేయడానికి కాగితాలే లేనిచోట కాగితాల పేర రుసుము! 2007 జనవరిలో ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ ఈ రుసుములపై ప్రకటన వెలువరించింది. దాని గురి ప్రధానంగా ఒప్పందం తరువాత రుసుమును పెంచడం మీదనే. మొదటే ఎక్కువగా నిర్ణయిస్తే ఎలా అన్న ప్రశ్నకు అందులో గట్టి జవాబు లేదు. అంతకు రెండు దశాబ్దాలకు ముందే, 1986లో అమ్మాన్‌లో సమావేశమైన ఇస్లామీయ ఫిఖహ్ అకాడమీ, రుణసేవలకు తీసుకునే రుసుము వాస్తవ వ్యయాన్ని మించరాదని, మించినది వడ్డీయేనని తీర్మానించింది. వడ్డీ రుణాన్ని ఈ తీర్మానం ధర్మబద్ధం చేయదు. కాని వడ్డీ లేని పథకాల నిర్వాహకులు తమ రుసుములకు లెక్క చూపవలసిన బాధ్యతను మాత్రం ఇది గుర్తుచేస్తుంది. ఆ పథకాల ప్రచారపత్రాలను విమర్శించేవారు ఈ వైపు చూడకపోవడం లోపమే.

ఇక సలహాదారు. దళారీ కూలిని ఫుకహాలు కాదనలేదు. సహీహ్ బుఖారీలో దానికి ఒక శీర్షికే ఉంది. అయితే బ్రిటన్‌లో సలహాదారు కొనుగోలుదారు నుండి రుసుము, రుణదాత నుండి కమీషను, రెండూ పొందవచ్చు. వాటిని వెల్లడించాలన్న నియమం ఉంది. వెల్లడించినంత మాత్రాన ఇద్దరు యజమానులు ఒక్కరైపోరు. మాటను కూడా పరికించాలి. ఫలితంతో నిమిత్తం లేకుండా, చేసిన పనికి ఇచ్చేది ఇజారా. పని నెరవేరితేనే ఇచ్చేది జుఆలా. తెలుగులో రెంటినీ ‘ఫీజు’ అనేయడంతో భేదం మరుగున పడుతోంది. మారితేనే డబ్బు ముట్టే సలహాదారు “రెండు నెలలు ఆగండి” అని చెబితే, ఆ రెండు నెలలూ అతనికి ఏమీ రాదు. అటువంటివాని సలహాను ఆధారం చేసుకొని ముఫ్తీకి ప్రశ్న రాసేవారు, అతనికి ఎవరు, ఎప్పుడు, ఎంత ఇస్తున్నారో ఆ ప్రశ్నలోనే చేర్చవలసి ఉంటుంది.