నిద్ర పాదాల్లో మొదలవుతుంది

నిద్ర పట్టే ముందు శరీరం తన వేడిని వదులుకుంటుంది. మనిషి లోపలి ఉష్ణోగ్రత రోజంతా ఒకేలా ఉండదు. సాయంత్రానికి బాగా పెరిగి, పొద్దుపోయేకొద్దీ తగ్గుతూ, తెల్లవారుజామున అట్టడుగుకు చేరుతుంది. ఈ హెచ్చుతగ్గుల తేడా సుమారు ఒక డిగ్రీ సెల్సియస్. దీన్ని నడిపే జీవగడియారం మెదడులోని హైపోథాలమస్‌లో, రెండు కంటి నరాలు కలిసే చోటుకు కాస్త పైన ఉంది. సుమారు 20,000 న్యూరాన్ల ఈ చిన్న గుంపు పేరు సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్. కంట పడే వెలుతురును బట్టి అది రోజూ వేళను సరిదిద్దుకుంటుంది.

చీకటి పడ్డాక పీనియల్ గ్రంథి మెలటోనిన్‌ను విడుదల చేస్తుంది. అరచేతుల్లో, అరికాళ్లలో రక్తనాళాలు విచ్చుకుంటాయి. వెచ్చని రక్తం చర్మం దాకా వచ్చి లోపలి వేడిని బయటికి పంపేస్తుంది. కునుకు ముంచుకొచ్చేటప్పుడు పాదాలు వెచ్చబడేది ఇందుకే. పాదాలు వెచ్చగా ఉన్నవారికి త్వరగా నిద్ర పడుతుందని స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు 1999లో నేచర్ పత్రికలో చూపారు.

పొలం నుంచి వచ్చాక కాగులో కాచిన నీళ్లతో స్నానం చేసి, భోంచేసి పడుకోవడం తెలుగు పల్లెల్లో పాత అలవాటు. అందులోని మేలు ఒళ్లు నొప్పులు తీరడంతో ఆగదు. వేడినీళ్లు తగిలి చర్మంలో రక్తనాళాలు విచ్చుకుంటాయి, స్నానం తర్వాత లోపలి వేడి త్వరగా దిగుతుంది. పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు చేసే వేడినీళ్ల స్నానంతో సగటున పది నిమిషాలు ముందుగా నిద్ర పడుతుందని 2019లో పలు అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది.

వేడి పోయే దారి మూసుకుపోతే నిద్ర చెడుతుంది. వేసవిలో పగలంతా ఎండకు కాగిన శ్లాబు రాత్రి ఆ వేడిని గదిలోకి దించుతుంది. ఉక్కపోతలో చెమట ఆరదు, మాటిమాటికీ మెలకువ వస్తుంది, గాఢనిద్ర తగ్గుతుంది. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో శరీరం తన ఉష్ణోగ్రతను సరిగా అదుపు చేసుకోలేదు కాబట్టి ఆ దశ మరింత దెబ్బతింటుంది. ఆరుబయట వేసుకునే నులక మంచం ఈ కష్టానికి చక్కని విరుగుడు. అల్లిక సందుల్లోంచి వీపుకూ గాలి తగులుతుంది.

మామూలుగా లేచే వేళకు రెండు మూడు గంటల ముందు ఉష్ణోగ్రత అట్టడుగుకు చేరి, మళ్లీ పైకి మళ్లుతుంది. మెలటోనిన్ తగ్గిపోతుంది. కళ్లు తెరిచేసరికి శరీరం పగటికి సిద్ధమవుతూ ఉంటుంది. ఉదయపు వెలుతురు ఆ గడియారాన్ని ఆ రోజుకు సరిచేస్తుంది.